పొక్కులు, చీముగుల్లలు ఎంతకీ తగ్గట్లేదా? క్రిమి కాకుండా మీ ఇమ్యూనిటీయే కారణం కావచ్చు, అప్పుడు ఏం చెయ్యాలంటే

నాది శ్రీకాకుళం దగ్గర మెడికల్ షాపు. డాక్టర్ని కాదు, బీఫార్మసీ చదివా, చర్మం డాక్టర్లు రాసిన చీటీలు రోజూ చేతిలో పడుతుంటాయి కాబట్టి తెలిసింది రాస్తున్నా. మన సైడు ఒంటిమీద బొబ్బలొస్తే అమ్మవారు పోసింది అంటాం, నడుం చుట్టూ వస్తే అక్కి అని కావితో రాయిస్తాం, చీము కనబడితే సెప్టిక్ అయిపోనాది బావూ ఒక మంచి యాంటీబయాటిక్ ఇచ్చీ అంటారు, ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే ఒక సూది కూడా పడిపోద్ది. చాలామందికి నిజంగానే అది ఏదో ఇన్ఫెక్షనే, తగ్గిపోతుంది, గొడవ లేదు. ఆ మిగిలిన కొద్దిమంది సంగతే ఇది. వాళ్ళకి రెండు కోర్సులు వాడినా తగ్గదు, మూడోది మొదలెడతారు, అక్కడ చంపడానికి అసలు క్రిమే లేదు మరి, ఆ బొబ్బనీ ఆ చీమునీ తయారుచేస్తున్నది వాళ్ళ సొంత ఇమ్యూన్ సిస్టమే.

ఇమ్యూనిటీ తగ్గిపోయిందట అని చెప్పి అది పెంచే పొడులూ లేహ్యాలూ కొనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కరోనా తర్వాత ఈ పిచ్చి మరీ ఎక్కువైంది. ఈ జబ్బుల్లో తగ్గడం కాదు సమస్య, చెయ్యకూడని చోట పనిచెయ్యడం. దాన్ని ఇంకా పెంచి ఏం బావుకుంటారు.

లోపల ఏం జరుగుతోందో ముందు తెలుసుకోండి, మందు దాన్నిబట్టే ఉంటుంది

ప్రస్తుతానికి రెండు రకాలు అనుకుందాం. మొదటిది యాంటీబాడీల వల్ల వచ్చేవి, వాటిలో పెంఫిగస్ వల్గారిస్ ముఖ్యమైనది. మన చర్మం పైపొరలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండడానికి డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్లుంటాయి, జాకెట్టుకి టిచ్ బటన్లున్నట్టు. బి కణాలని ఒక రకం తెల్లకణాలు బయట్నుంచి వచ్చే క్రిముల మీద యాంటీబాడీలు తయారుచెయ్యాలి కదా, ఈ జబ్బులో అవి డెస్మోగ్లీన్ 3 మీద, డెస్మోగ్లీన్ 1 మీద తయారుచేస్తాయి. ఆ యాంటీబాడీ వెళ్ళి అక్కడ కూర్చుందంటే బటన్ ఊడుతుంది, కణాలు విడిపోతాయి, సందులో నీరు చేరుతుంది, అదే బొబ్బ. పైన కప్పు బాగా పల్చన కాబట్టి బొబ్బ నిలవదు, బట్ట రాసుకున్నా చితికిపోయి పచ్చిపుండు మిగుల్తుంది. నోటి లోపలి చర్మంలో డెస్మోగ్లీన్ 3 దే పెత్తనం, అందుకే చాలామందికి ముందు నోట్లోనే మొదలవుతుంది, ఒంటిమీదకి రావడానికి నెలలు పట్టొచ్చు. 1964లో బ్యూట్నర్, జోర్డాన్ అనే ఇద్దరు పరిశోధకులు పేషెంట్ల రక్తంలో ఈ యాంటీబాడీల్ని పట్టుకున్నాక గానీ ఈ జబ్బు ఇమ్యూన్ సిస్టమ్ పని అని తేలలేదు.

బుల్లస్ పెంఫిగాయిడ్ కూడా ఇదే కోవ, కాకపోతే అక్కడ యాంటీబాడీలు పడేది చర్మం పైపొరకీ దాని కింద పొరకీ మధ్య ఉన్న పట్టు మీద. బొబ్బ లోతులో పుడుతుంది, కప్పు మందంగా ఉంటుంది, బిగుతుగా నిండి కొన్ని రోజులు నిలబడుతుంది, దురద మాత్రం నిద్ర పట్టనివ్వదు, కొందరికి బొబ్బలకంటే ముందు కొన్ని వారాలు నెలలపాటు ఒట్టి దురదే ఉంటుంది. ఎక్కువగా ముసలివాళ్ళకొస్తుంది. ఇక్కడ మా షాపు నుంచి ఒక మాట, షుగర్‌కి వాడే గ్లిప్టిన్ మాత్రలున్నాయి, విల్డాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్ లాంటివి, విల్డా అయితే చవకైపోయాక ఇంటింటికీ వెళ్ళిపోయింది, ఈ మాత్రలకీ బుల్లస్ పెంఫిగాయిడ్‌కీ లింకుందని చాలా దేశాల్లో చూశారు. అలాగని మీరే షుగర్ మాత్ర ఆపెయ్యకండి. స్ట్రిప్ తీసుకెళ్ళి చర్మం డాక్టర్‌కి చూపించి దీని వల్ల కావచ్చా అని అడగండి, అవసరమైతే షుగర్ డాక్టర్ వేరేదానికి మారుస్తారు.

రెండో రకంలో ఈ యాంటీబాడీల కథే లేదు. జనరలైజ్డ్ పస్ట్యులర్ సోరియాసిస్ అని ఉంటుంది, పొట్టిగా జీపీపీ అంటారు. జ్వరం, ఒళ్ళంతా ఎర్రబడిపోవడం, దానిమీద ఆవగింజంత చీముగుల్లలు వందలకొద్దీ లేచి ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం. చర్మంలో ఐఎల్-36 అని ఒక సిగ్నల్ ఉంటుంది, అది న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్ని పిలుస్తుంది, పని అయ్యాక ఆ పిలుపుని ఆపే ప్రొటీన్ ఇంకొకటుంటుంది. కొంతమంది జీపీపీ పేషెంట్లలో ఆ ఆపే ప్రొటీన్ తాలూకు జీన్‌లోనే లోపం ఉందని 2011లో బయటపడింది. ఇక ఆపేది లేక న్యూట్రోఫిల్స్ గుంపులు గుంపులుగా చర్మంలోకి దిగిపోతాయి, మనం చీము అని చూసేది వాటినే. చీము ఉంటుంది, క్రిమి ఉండదు. చీములో క్రిమి పెరుగుతుందేమో చూసే పస్ కల్చర్‌కి పంపితే నో గ్రోత్, అంటే ఏ క్రిమీ పెరగలేదు అని వస్తుంది, జనమేమో ల్యాబ్ వాడికి రాలేదని తిట్టుకుంటూ ఇంకో ల్యాబ్‌కి పోతారు. ఆ కాగితం పారెయ్యకండి. యాంటీబయాటిక్ మొదలెట్టేశాక పంపినా ఒక్కోసారి నో గ్రోత్ వస్తుంది కాబట్టి, శాంపిల్ తీసిన రోజుకి ఏం మందులు వాడుతున్నారో ఆ కాగితం వెనకే రాసి పెట్టండి, డాక్టర్‌కి చాలా పనికొస్తుంది.

ఈ న్యూట్రోఫిల్స్ బాపతువే ఇంకో రెండున్నాయి. హైడ్రాడెనైటిస్, చంకల్లో గజ్జల్లో సెగ్గడ్డల్లా వచ్చి లోపల్లోపల సొరంగాలు పడతాయి, ఇది అంత అరుదేం కాదు, సిగ్గుకొద్దీ చెప్పరంతే. పయోడెర్మా గాంగ్రినోసమ్, చిన్న గుల్లగా మొదలై ఊదా రంగు అంచుతో, విపరీతమైన నొప్పితో పుండు పెరిగిపోతుంది, దీన్ని కుళ్ళిన పుండనుకుని కోసి శుభ్రం చేస్తే ఇంకా పెద్దదవుతుంది, గాయం తగిల్తేనే రెచ్చిపోయే గుణం దానిది. అందుకే ఎంత శుభ్రం చేసినా పెరుగుతూపోయే పుండుంటే మళ్ళీ కొయ్యడానికి ఒప్పుకునేముందు ఒకసారి చర్మం డాక్టర్‌కి చూపిస్తామండీ అని అడగండి, తప్పేం లేదు.

అనుమానం ఎప్పుడు పడాలి

నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే. మన జిల్లాలో దీనికో చిక్కుంది, అడ్డపొగ తాగే మామ్మలు ఇంకా ఉన్నారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, వాళ్ళకి నోట్లో ఏదొచ్చినా ఇంట్లోవాళ్ళు చుట్టకాల్పు అని కొట్టిపారేస్తారు. అది చుట్ట వల్లే అయినా అంగిట్లో కాన్సర్ ఉందేమో చూడాలి, చుట్ట వల్ల కాకపోతే పెంఫిగస్సేమో చూడాలి, రెంటికీ ముక్క తీసి పరీక్ష చెయ్యడమే దారి. కాబట్టి వాదనెందుకు, తీసుకెళ్ళండి.

పలాస, కాశీబుగ్గ వైపు జీడిపిక్కల పనిచేసేవాళ్ళకి చేతులకి పొక్కులొస్తే అది జీడి తొక్కలో నూనె తగిలి కాలడం కావచ్చు, పని మానితే తగ్గుతుంది, నూనె తగిలిన చోటే ఉంటుంది. జీడి తగలని వీపు మీద, నోట్లో కూడా వస్తున్నాయంటే లెక్క వేరు. పేడ పురుగు పాకింది, బల్లి పడింది లాంటి కథలకి కూడా ఇదే లెక్క.

సోరియాసిస్ ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ఎవరో స్టెరాయిడ్ సూది వేస్తారు, రెండ్రోజుల్లో ఒళ్ళు అద్దంలా అయిపోతుంది, ఆహా ఏం డాక్టరండీ అంటారు, సూది ప్రభావం దిగిపోయాక చీముగుల్లలు లేస్తాయి. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపడం జీపీపీ రేగడానికి బాగా తెలిసిన కారణాల్లో ఒకటి, ఇన్ఫెక్షన్ వల్లా గర్భం వల్లా కూడా రేగొచ్చు. పేరూ ఊరూ లేని పొట్లాం మందుల్లో కూడా స్టెరాయిడ్ కలిపినవి పట్టుబడ్డాయి, మూడు రోజుల్లో మాయమైపోయే మందంటే నాకైతే ముందు అదే అనుమానం.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు

బొబ్బ కొత్తగా ఉన్నప్పుడే వెళ్ళండి. వారం ఆగి, చితికిపోయి చెక్కు కట్టాక వెళ్తే డాక్టర్‌కి చెక్కే కనబడుతుంది. కుదరకపోతే ఫోన్లో ఫొటో తియ్యండి, పగటి వెలుతురులో, ఒకటి దగ్గర్నుంచి ఒకటి దూరం నుంచి, పక్కన రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుస్తుంది. పసుపు, పసరు, బూడిద, జెన్షన్ వయొలెట్ ఏదీ పూసి వెళ్ళొద్దు, రంగు కింద ఏముందో ఎవరికి తెలుస్తుంది. వాడిన మందుల స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకెళ్ళండి. ట్యూబులు కూడా. మన దగ్గర దొరికే గజ్జి తామర క్రీముల్లో చాలావాటిలో క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది కూడా, ఎంతవరకు నడుస్తోందో మా వృత్తివాళ్ళని అడగొద్దు.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలోనూ, విజయనగరం పెద్దాసుపత్రిలోనూ చర్మం ఓపీ ఉంటుంది, అక్కడ తేలకపోతే విశాఖ కేజీహెచ్‌కి రాస్తారు. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, దాని కింద వస్తుందో లేదో అడ్మిషన్‌కి ముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగండి, తర్వాత అడిగితే పనవ్వదు.

ముక్క పరీక్ష గురించి

బయాప్సీ అనగానే కాన్సరా అని ఏడుపులు మొదలవుతాయి. కాదు. చిన్న మత్తు సూది ఇచ్చి, మిరియం గింజంత చర్మం తీస్తారు, ఒక కుట్టు పడుతుంది. ఈ జబ్బుల్లో మామూలుగా రెండు ముక్కలు తియ్యాలి. ఒకటి కొత్త బొబ్బ అంచు నుంచి, దాన్ని ఫార్మలిన్‌లో వేస్తారు, కణాలు ఏ లెవెల్లో విడిపోయాయో మైక్రోస్కోప్‌లో చూస్తారు. రెండోది బొబ్బ పక్కన మామూలుగా కనిపించే చర్మం నుంచి, అది డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరెసెన్స్ అనే పరీక్షకి, డీఐఎఫ్ అంటారు. చర్మంలో యాంటీబాడీలు అతుక్కుని ఉన్నాయా, ఉంటే కణాల చుట్టూ వలలా ఉన్నాయా లేక కింద గీతలా ఉన్నాయా అన్నది దీంట్లో మెరుస్తూ కనబడుతుంది, వల అయితే పెంఫిగస్, గీత అయితే పెంఫిగాయిడ్ వైపు.

ఇప్పుడు అసలు మాట. రెండో ముక్క ఫార్మలిన్‌లో పడిందా, ఆ పరీక్ష పోయినట్టే. దానికి మిషెల్స్ మీడియం అని వేరే ద్రావణం ఉంటుంది, లేకపోతే నార్మల్ సెలైన్‌లో వేసి ఒక రోజులోపు ల్యాబ్‌కి చేర్చాలి. మన జిల్లాల నుంచి శాంపిల్ విశాఖో ఇంకా దూరమో వెళ్ళాలి, చాలాసార్లు డబ్బా పేషెంట్ తాలూకు మనిషి చేతికే ఇచ్చి పంపుతారు, శనివారం సాయంత్రం తీస్తే ఆదివారం ల్యాబ్ మూసి ఉంటుంది. అందుకని ముందే అడగండి, ఇది ఏ ద్రావణంలో ఉంది, ఎన్ని గంటల్లోపు ఇవ్వాలి, అక్కడ రేపు తెరిచి ఉంటుందా అని. సోమవారం మంగళవారం తీయించుకుంటే గొడవే ఉండదు. రెండు డబ్బాల మీదా పేరు, తేదీ, ఏ చోటు నుంచి తీశారో రాశారా చూడండి. రక్తంలో డెస్మోగ్లీన్ యాంటీబాడీలు కొలిచే ఎలైజా కూడా ఉంది, అది తర్వాత జబ్బు తగ్గుతోందా లేదా చూడ్డానికి కూడా పనికొస్తుంది.

మందులు

స్టెరాయిడ్ అంటే భయపడేవాళ్ళు, స్టెరాయిడ్ అని తెలీకుండానే మింగేవాళ్ళు, రెండు రకాలూ నాకు రోజూ తగుల్తారు. 1950లకి ముందు ఈ మందు లేని రోజుల్లో పెంఫిగస్ వస్తే ఎక్కువమంది బతికేవారు కాదు. తిరగబడ్డ ఇమ్యూన్ సిస్టమ్‌ని అణిచే మందిది. మందు చెడ్డది కాదు, లెక్క లేకుండా వాడ్డం చెడ్డది. పొద్దున్న టిఫిన్ తిన్నాక వేసుకోవాలి. కొన్ని వారాలు వాడాక ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయి, అందుకని బాగుంది కదా అని ఒక్కసారిగా ఆపితే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదకొస్తుంది. డాక్టర్ ఎలా తగ్గించమంటే అలాగే తగ్గించాలి. షుగర్, బీపీ చూపించుకుంటూ ఉండాలి. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్ళు ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, మట్టి నుంచి వచ్చే స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు కడుపులో ఉంటే స్టెరాయిడ్ మొదలెట్టాక అది ఒళ్ళంతా పాకే ప్రమాదముంది.

రిటుక్సిమాబ్ అని సెలైన్‌లో ఎక్కించే మందుంది, అమెరికాలో 2018లో పెంఫిగస్‌కి అనుమతి వచ్చింది, ఇక్కడ కూడా వాడుతున్నారు. అది బి కణాల్ని తీసేస్తుంది. ఎక్కించిన వారానికే ఏటీ తగ్గలేదు డబ్బులు పోనాయి అని కూర్చోకండి, కొత్త యాంటీబాడీలు తయారవడం తగ్గినా రక్తంలో ముందే ఉన్నవి సగం అవడానికే మూడు వారాలు పడుతుంది, ఆ గ్యాప్ కోసమే స్టెరాయిడ్ నడిపిస్తారు. ఎక్కించే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. మన దేశంలో ఇంకో పద్ధతి ఉంది, ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రీచా 1980లలో మొదలెట్టిన పల్స్ వైద్యం, 28 రోజులకోసారి మూడు రోజులు వరసగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఆ మూడింట్లో ఒక రోజు సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఎక్కిస్తారు. పెళ్ళి కావాల్సినవాళ్ళు, పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఆ విషయం మొహమాటం లేకుండా ముందే చెప్పాలి, సైక్లోఫాస్ఫమైడ్ పిల్లలు పుట్టే శక్తిని దెబ్బతియ్యొచ్చు.

జీపీపీకి ఐఎల్-36 పిలుపుని ఆపే స్పెసోలిమాబ్‌కి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది, మన చేతికందే రేటు కాదు, ఇక్కడ ఎక్కువగా నడిచేది ఎసిట్రెటిన్, సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్. ఎసిట్రెటిన్ వాడిన ఆడవాళ్ళు ఆపాక కూడా మూడేళ్ళు గర్భం రాకుండా చూసుకోవాలి.

మెథోట్రెక్సేట్ దగ్గర కాస్త ఆగండి. అది వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి మనిషి పోతాడు, అతిశయోక్తి కాదు. సన్నటి పసుపు మాత్ర, బీపీ మాత్రలాగే ఉంటుంది, డబ్బాలో కలిసిపోతే ముసలివాళ్ళు గుర్తుపట్టలేరు. నేనేం చేస్తానంటే, మామ్మా మీ ఊరి సంత ఏ వారం అని అడుగుతా, లచ్చివారం అంటే స్ట్రిప్ మీద మార్కర్‌తో "సంత రోజు" అని రాసిస్తా, సోమవారం మంగళవారం అని రాస్తే మర్చిపోతారు గానీ సంత ఎవరూ మర్చిపోరు. దాంతోపాటు రాసే ఫోలిక్ యాసిడ్ వేరే రోజు, అది వేరే కవర్లో. ఈ మాత్ర వాడుతూ నోట్లో కొత్తగా పుళ్ళొస్తే జబ్బు తిరగబెట్టిందనుకోవద్దు, మాత్ర ఎక్కువైన గుర్తు కావచ్చు, అదే రోజు బ్లడ్ టెస్ట్ చేయించండి.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానం వాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడైనా సరే. మెథోట్రెక్సేట్ బయటికి పోయేది కిడ్నీ ద్వారానే, కిడ్నీ నెమ్మదిస్తే మామూలు డోసు కూడా లోపల పేరుకుంటుంది. సైక్లోస్పోరిన్ అయితే కిడ్నీనే దెబ్బతీస్తుంది. మాది ఉద్దానం అండీ అని డాక్టర్‌తో మొదటి మాటే అది చెప్పండి, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ఈ రెండూ మొదలెట్టించుకోవద్దు. నొప్పి మాత్రలు కూడా మీరే కొనుక్కోవద్దు, నేను ఇవ్వను, పక్క షాపువాడు ఇస్తాడు, అయినా వద్దు.

ఇంట్లో

పెద్ద బొబ్బ నొప్పిగా ఉంటే నర్సు చేత శుభ్రమైన సూదితో నీరు తీయించండి, పైకప్పు పీకొద్దు, కింద పచ్చిపుండుకి అంతకన్నా మంచి కట్టు లేదు. పడుకునేచోట దుప్పటి పుండుకి అతుక్కుపోవడం పెద్ద నరకం, మన ఆస్పత్రుల్లో దానికి అరిటాకు వాడతారు, నిజంగానే బాగా పనిచేస్తుంది. లేత ఆకు, ఈనె తీసేసి, బాగా కడిగి, ఆవిరి మీద ఉడికించి చల్లార్చి, నున్నగా ఉన్న వైపు ఒంటికి తగిలేలా పరవాలి, రోజూ కొత్తది. వార్డులో నర్సుని అడిగి ఒకసారి చూసి నేర్చుకుని అప్పుడు ఇంట్లో చెయ్యండి.

నోరు పచ్చిగా ఉన్నప్పుడు చోడంబలి, అదే రాగి అంబలి, చల్లారబెట్టి ఇవ్వండి, పెరుగన్నం మెత్తగా మెదిపి, గుడ్డు, పలచటి పప్పు. పచ్చిపుళ్ళ నుంచి ప్రొటీన్ కారిపోతుంది కాబట్టి పథ్యం పేరు చెప్పి గుడ్డూ చేపా మానిపించడం శుద్ధ తప్పు. ఆవకాయ, కరకరలాడే జంతికలు కొన్నాళ్ళు పక్కన పెట్టాలి తప్పదు.

అరసవల్లి మొక్కు సంగతి కూడా చెప్పేస్తా, చర్మం జబ్బంటే మనవాళ్ళకి ముందు సూర్యనారాయణస్వామే గుర్తొస్తాడు. వెళ్ళండి, కానీ ఎండెక్కకముందే వెళ్ళి వచ్చెయ్యండి, ఎండకి పెంఫిగస్ రేగొచ్చు. ఆదివారం ఉపవాసమని మాత్ర మానొద్దు, ఏదో కాస్త తిని వేసుకోవాలి. ఆ రోజు ఉప్పు మానేస్తారు చూడండి, అది మాత్రం స్టెరాయిడ్ వాడేవాళ్ళకి రోజూ పాటించినా మంచిదే.

ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి: ఒళ్ళంతా ఎర్రబడి చీముగుల్లలతో చలిజ్వరం, కళ్ళు ఎర్రబడి అతుక్కుపోవడం, నోట్లో నీళ్ళు కూడా దిగకపోవడం, గర్భిణీకి గుల్లలతో జ్వరం, ఈ మందులు వాడుతున్న మనిషికి ఏ కారణంగానైనా జ్వరం రావడం. పెంఫిగస్‌లో ఇప్పటికీ ప్రాణాలు తీసేది ఎక్కువగా పుళ్ళ మీద చేరే ఇన్ఫెక్షనే, అక్కడ మాత్రం యాంటీబయాటిక్ నిజంగా కావాలి.

మన జిల్లాల్లో చాలామంది చెన్నై, హైదరాబాద్ పనులకి పోతారు కదా, జబ్బు కాస్త నెమ్మదించగానే బయల్దేరతారు, అక్కడ తిరగబెడితే మళ్ళీ మొదట్నుంచి యాంటీబయాటిక్ కోర్సులు. వెళ్ళే ముందు బయాప్సీ రిపోర్ట్, డీఐఎఫ్ రిపోర్ట్, చివరి చీటీ మూడూ ఫొటో తీసి ఫోన్లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా ఉంచండి. రిపోర్ట్ పైన బయాప్సీ నంబర్ ఉంటుంది, ల్యాబ్‌లో ఆ నంబర్ చెప్తే దాచిపెట్టిన మైనం బ్లాకో స్లైడో అడిగి తీసుకోవచ్చు, కొత్త ఊళ్ళో డాక్టర్ మళ్ళీ ముక్క తియ్యకుండా దాన్నే చూపించి చదివించొచ్చు. మాత్రలు నెలకి సరిపడా పట్టుకెళ్ళండి, అయిపోయే వారం ముందే కొనండి, స్టెరాయిడ్ మధ్యలో ఒక్కరోజు కూడా తెగకూడదు.